ఎర్ర మస్టాంగ్‌కి మడ్ ఫ్లాపులు పెట్టాలా? పెట్టు, కానీ బాడీకి డ్రిల్ వేయనివ్వకు

ప్రశ్న:

అన్నా, మాది కావలి. ఇస్కపల్లి వైపు రొయ్యల గుంటలున్నాయి. చీమకుర్తిలో మామయ్యకి గ్రానైట్ యూనిట్ ఉంది కాబట్టి అటు కూడా తిరుగుడు ఎక్కువే. ఎన్నాళ్ళ నుంచో కోరిక, ఈ ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఫోర్డ్ మస్టాంగ్ జీటీ కొన్నా, ఎర్రది. మొన్న కడుగుతుంటే వెనక చక్రానికి ముందున్న భాగంలో, డోర్ కింది అంచున చుక్కలు చుక్కలుగా పెయింట్ లేచిపోయి కనిపించింది. ప్రాణం ఉసూరుమంది. షెడ్డులో అడిగితే ఒక్కో చక్రం వెనక నాలుగు రంధ్రాలు డ్రిల్ చేసి, రాళ్ళు, బురద ఎగరకుండా ఆపే రబ్బరు ఫ్లాపులు బిగిస్తా, గంట పని అన్నాడు. ఫ్రెండేమో ఫ్లాపులు పెడితే కారు అందం పోతుంది, సిరామిక్ కోటింగ్ చేయించు చాలు అంటున్నాడు. మా నాన్నేమో అసలు ఆ కారు గుంటల దగ్గరికి ఎందుకు తీసుకుపోతావు అని రోజూ గొడవ. ఏం చేయమంటావు?

జవాబు:

తమ్ముడూ, ఫ్లాపులు పెట్టించు. కానీ షెడ్డులో చెప్పిన పద్ధతిలో మాత్రం వద్దు. బాడీకి ఒక్క కొత్త రంధ్రం కూడా పడకూడదు, ఫ్లాప్ ఆనుకునే చోట ముందుగా పెయింట్‌ని కాపాడే ఫిల్మ్ అంటించకుండా ఫ్లాప్ బిగించకూడదు. ఈ రెండూ పట్టించుకోకుండా పెడితే, అసలు ఫ్లాప్ లేకుండా తిరిగినప్పటి కంటే ఎక్కువ పెయింట్ పోతుంది. మన వైపు సముద్రపు గాలి, ఉప్పు, బురద అన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి ఇది ఇంకా ముఖ్యం.

ముందు ఆ చుక్కలు ఎక్కడి నుంచి వచ్చాయో చూద్దాం. చాలామంది ఎదుటి లారీ నుంచి ఎగిరి వచ్చిన రాయి అనుకుంటారు. బానెట్ మీద, ముందు బంపర్ మీద, అద్దం మీద పడేవి అవి, నిజమే. కానీ నువ్వు చెప్పిన చోట, అంటే వెనక చక్రం ముందు, డోర్ అడుగున, పడేవి నీ కారు ముందు చక్రాలే విసిరిన రాళ్ళు. టైరు గాడిలో ఇరుక్కున్న చిన్న కంకర ముక్క టైరుతో పాటు తిరిగి వెనక వైపు నేలని వదిలాక పట్టు తప్పి ఎగురుతుంది. వదిలిన చోట టైరు ఏ దిక్కుగా కదులుతోందో ఆ దిక్కుకే తిన్నగా పోతుంది. కారుతో పోలిస్తే దాని వేగం దాదాపు నీ స్పీడోమీటర్ చూపించే వేగమే. వందలో పోతుంటే ఆ ముక్క సెకనుకి 28 మీటర్ల దాకా వేగంతో వచ్చి పెయింట్‌కి కొడుతుందన్న మాట.

మామూలు కార్లలో ఈ బాధ ఎందుకు తక్కువ అంటే, వాటి టైర్లు సన్నం, బాడీ వైపులు నిటారుగా ఉంటాయి. మస్టాంగ్‌కి టైర్లు వెడల్పు. స్పోర్ట్స్ టైరు రబ్బరు మెత్తన కూడా, ఎండకి వేడెక్కిన రోడ్డు మీద చిన్న రాళ్ళు దానికి బాగా అంటుకుంటాయి. దానికి తోడు వెనక చక్రం దగ్గర బాడీ బయటికి ఉబ్బి ఉంటుంది, ఆ కారు అందమంతా ఆ ఉబ్బులోనే ఉంది, ముందు టైరు విసిరేవన్నీ సరిగ్గా దాని మీదికే వచ్చి పడతాయి. మలుపులో స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు టైరు ఫెండర్ (చక్రం మీది రేకు) నుంచి కాస్త బయటికి వస్తుంది కాబట్టి అప్పుడు దెబ్బ ఇంకా పైకి, డోర్ మధ్య దాకా కూడా తగులుతుంది.

ఇక నువ్వు తిరిగే రోడ్లు చూడు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ ప్రపంచమంతా పోతుంది, మనకి సంతోషమే, కానీ ఒంగోలు నుంచి చీమకుర్తి దాకా బ్లాకుల లారీలు, వేస్ట్ తోలే టిప్పర్లు తిరిగిన రోడ్డు అంచున రాలేది కూడా అదే గ్రానైట్. నది గులకరాయి గుండ్రంగా ఉంటుంది, తగిలినా జారిపోతుంది. పగలగొట్టిన గ్రానైట్ ముక్కకి అంచులు పదును, తగిలితే పెయింట్ పొరలన్నీ దాటి రేకు దాకా పోతుంది. హైవే మీద టిప్పర్ వాళ్ళు పట్టా కప్పకుండా గ్రావెల్ తోలుతుంటే వెనకే పోవడం ఇంకో ప్రమాదం. దానికి ఏ ఫ్లాపూ అడ్డుపడదు, వెనక్కి తగ్గి దూరం పాటించడమో, వీలు చూసుకుని దాటిపోవడమో తప్ప.

ఇస్కపల్లి రోడ్డు కథ వేరు. అక్కడ రాయి తక్కువ, ఉప్పు ఎక్కువ. ఉప్పు మడుల పక్క మట్టి, రొయ్యల గుంటల నుంచి పారే ఉప్పు నీరు, వీటిలో నుంచి లేచిన బురద బాడీ కింద మడతల్లో చేరి ఎండిపోతుంది. రాయి చేసిన చుక్కలోకి ఆ ఉప్పు దిగితే తుప్పు మొదలవడానికి ఎక్కువ కాలం పట్టదు. అంటే నీ కారుకి చీమకుర్తి రోడ్డు గాయం చేస్తోంది, ఇస్కపల్లి రోడ్డు ఆ గాయాన్ని పుండు చేస్తోంది. అందుకే నీ ఉత్తరం చూడగానే ఇది ఆలస్యం చేసే విషయం కాదనిపించింది.

మీ ఫ్రెండ్ చెప్పిన సిరామిక్ కోటింగ్ గురించి కూడా చెప్పాలి. అది మంచిదే, నీళ్ళు నిలవవు, బురద తేలిగ్గా పోతుంది, మెరుపు ఉంటుంది. కానీ దాని మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే, మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు. కంపెనీ పెయింట్ మొత్తం పొరలు కలిపితేనే సుమారుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది, దాన్నే చీల్చుకుని పోయిన రాయికి సిరామిక్ పొర ఏ అడ్డూ కాదు. రాయిని తట్టుకునేది పీపీఎఫ్, అంటే పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్. మంచి రకం పాలీయూరిథేన్‌తో చేస్తారు, సుమారు 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, రాయి తగిలితే ఆ దెబ్బని అదే తీసుకుంటుంది. మొత్తం బాడీకి వేయించాలంటే ఖర్చు లక్ష దాటుతుంది, నువ్వు అంత పెట్టక్కర్లేదు. వెనక ఉబ్బు ముందు భాగం, డోర్ల కింద ఒక జానెడు ఎత్తు, సిల్ (డోర్ల కింద ఉండే బాడీ పట్టీ), ఫ్లాప్ ఆనుకునే అంచులు, ఇంత వరకు వేయించు. బడ్జెట్ మిగిలితే ముందు బంపర్, బానెట్ ముందంచు కూడా కలుపుకో, ఎందుకంటే అక్కడికి ఫ్లాప్ సాయం రాదు.

కొలతలు తీసుకునే ముందు ఒక పని చెయ్యి. కారు శుభ్రంగా కడిగి, ఆరాక, సన్నటి వాన పడి ఆగిన రోజు ఏదన్నా పల్లె రోడ్డు మీద మెల్లగా నాలుగైదు కిలోమీటర్లు పోయి రా. ఇంటికొచ్చాక కడగొద్దు, ఆరనివ్వు. పక్కన గొంతుక్కూర్చుని చూడు. ముందు చక్రం వెనక నుంచి మొదలై బురద చుక్కలు విసనకర్రలా పరుచుకుని ఉంటాయి, కింద దట్టంగా, పైకి పోయేకొద్దీ పలచగా, ఉబ్బు మీదికి వచ్చేసరికి మళ్ళీ దట్టంగా. ఆ బురద ఎక్కడ పడిందో రాయి కూడా దాదాపు అక్కడే పడుతుంది. ఆ హద్దుని ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసుకో. ఫిల్మ్ వేసేవాడికి ఇదే చూపించు, వాడు అలవాటుగా వేసే కొలత కంటే ఇదే నీ కారుకి సరైన కొలత. కుడివైపు, ఎడమవైపు తేడా ఉంటే ఆశ్చర్యపోకు, రోడ్డు అంచున కంకర ఉంటుంది కాబట్టి మనకి ఎడమవైపు ఎక్కువ దెబ్బలు తగలడం మామూలే.

ఆ తర్వాత ఒక దారం తీసుకో. ముందు టైరు వెనక వైపు నేలని వదిలే చోట ఒక కొస పెట్టి, రెండో కొస వెనక ఉబ్బు మీద బురద పడిన పై హద్దు దాకా లాగి పట్టుకోమని ఎవరికన్నా ఇవ్వు. ఫ్లాప్ ఆ దారానికి అడ్డం రావాలి. అడ్డం రాకపోతే ఆ ఫ్లాప్ పెట్టినా దండగ. కింద అడుగు భాగం మొత్తం మూసేలా పొడుగ్గా పెట్టక్కర్లేదు, నీది అసలే కిందికి ఉన్న కారు, ఎంత పొడుగు పెడితే అంత త్వరగా స్పీడ్ బ్రేకర్ దగ్గర ఊడి పడిపోతుంది. వెడల్పు వైపు మాత్రం టైరు బయటి అంచు కంటే కొంచెం బయటికి రావాలి, ఎందుకంటే పక్కకి ఎగిరే రాళ్ళే ఉబ్బుకి తగిలేది.

ఇప్పుడు డ్రిల్ సంగతి. షెడ్డులో ఆయన తప్పుడు మనిషి అని నేను అనట్లేదు, జీపులకి, ట్రాక్టర్ ట్రాలీలకి, బొలెరోలకి అలాగే బిగిస్తారు, ఏళ్ళ తరబడి నడుస్తాయి. నీ కారు లోహం వేరు. ఈ తరం మస్టాంగ్‌కి, 2016లో మన దేశంలో వచ్చినది అదే, బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం. డోర్లు, వెనక ప్యానెల్ ఉక్కు రేకు. చిన్న అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి ఆనించి చూడు, డోర్‌కి అంటుకుంటుంది, ముందు ఫెండర్‌కి అంటుకోదు. అల్యూమినియానికి రంధ్రం పెట్టి ఉక్కు స్క్రూ బిగిస్తే, రెండు వేరు లోహాల మధ్య ఉప్పు నీరు చేరితే, అల్యూమినియం తినేయబడుతుంది. ఎర్ర తుప్పు కనపడదు, పెయింట్ కింద తెల్లటి పొడి పుట్టి చిన్న చిన్న బుడగల్లా ఉబ్బుతుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ వాడితే సరిపోతుంది అంటారు కొందరు, అల్యూమినియానికి దానితోనూ ఇదే బాధ. వెనక ఉక్కు రేకుకి డ్రిల్ వేస్తే మామూలు తుప్పే, రంధ్రం అంచు నుంచి పెయింట్ కిందకి పాకుతుంది, పైకి కనపడేసరికి లోపల బాగా పాకిపోయి ఉంటుంది. కావలిలో సముద్రం ఎంత దూరమో నీకు నేను చెప్పాలా.

రంధ్రం లేకుండా బిగించే దారి ఉంది. వీల్ ఆర్చ్, అంటే చక్రం మీది వంపు, దాని లోపల నల్లటి ప్లాస్టిక్ లైనర్ ఉంటుంది చూడు, దాన్ని పట్టి ఉంచే స్క్రూలు, క్లిప్పులు కంపెనీ నుంచే ఉన్నాయి. 2015 నుంచి 2023 దాకా వచ్చిన ఈ మోడల్‌కని అచ్చుపోసిన ఫ్లాపులు వస్తాయి, అవి సరిగ్గా ఆ స్క్రూల మీదే కూర్చుంటాయి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది కాబట్టి మన ఊళ్ళో దొరకడం కష్టం, చెన్నైలో అడగాలి లేదా బయట నుంచి తెప్పించుకోవాలి, కొంచెం టైం పడుతుంది. కొనేముందు సంవత్సరం, మోడల్ రెండూ చెప్పి అడుగు. 'అన్ని కార్లకీ సరిపోతుంది' అని అమ్మే రకం వద్దు, అది ఏ కారుకీ సరిగ్గా కూర్చోదు, కూర్చోకపోతే అదురుతుంది, అదిరితే ఏమవుతుందో కింద చెబుతా.

అచ్చుపోసినవి దొరకకపోతే సొంతంగా చేయించుకోవచ్చు. ముందు అట్ట మీద కత్తిరించి చూసుకో. టీవీ పెట్టె అట్ట ఒకటి తీసుకుని, లైనర్ స్క్రూలు ఎక్కడున్నాయో దాని మీద గుర్తుపెట్టి, వీల్ ఆర్చ్ వంపు గీసుకుని కత్తెరతో కోసి, అక్కడే పెట్టి చూసి, మళ్ళీ కోసి, రెండు మూడు అట్టలు పాడైనా పర్లేదు, సరిగ్గా కుదిరాకే అసలు షీటు మీద గియ్యి. షీటు 3 మిల్లీమీటర్ల పాలీయూరిథేన్ అయితే మంచిది, మెత్తగా వంగి మళ్ళీ నిలబడుతుంది, ఎండకి తట్టుకుంటుంది. చవక పీవీసీ షీటు మన రోహిణి కార్తె ఎండకి గట్టిపడి పెళుసై చిట్లుతుంది. ఇక షెడ్డులో ఆయన చెప్పిన లారీ ఫ్లాప్ రబ్బరు బరువు, ఆ బరువుకి స్పీడ్‌లో గాలి తోడైతే నీ లైనర్ క్లిప్పులు ఊడిపోతాయి, లైనర్ కూడా చిరుగుతుంది.

అసలు విషయం ఇక్కడుంది, చాలామంది తెలియక కారు పాడుచేసుకునేది ఇక్కడే. ఫ్లాప్ ఎంత గట్టిగా బిగించినా నడిచే కారులో అది సన్నగా కదులుతూనే ఉంటుంది. బాడీ అంచుకీ ఫ్లాప్‌కీ మధ్య వెంట్రుకంత సందులోకి ఇసుక పొడి చేరుతుంది. అక్కడి నుంచి అది రోజూ పెయింట్‌ని అరగదీస్తుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు, ఎందుకంటే అరిగే చోటు ఫ్లాప్ కింద దాగి ఉంటుంది. కొన్నాళ్ళకి ఎవరో ఫ్లాప్ విప్పితే దాని అంచు ఆకారంలోనే గీత, పెయింట్ పోయి, దాని కింది పూత ప్రైమర్ పోయి, రేకు తేలి కనిపిస్తుంది. రాయి దెబ్బ చుక్క మాత్రమే, ఈ గీత వీల్ ఆర్చ్ వంపు పొడవునా ఉంటుంది, ప్యానెల్ మొత్తం పెయింట్ వేస్తే తప్ప పోదు.

కాబట్టి ఫ్లాప్ ఎక్కడ ఆనుతుందో అక్కడ, అంచుకి ఇటూ అటూ ఒక వేలెడు ఎక్కువగా, లోపలి మడత చుట్టూ తిప్పి ఫిల్మ్ అంటించాలి. పీపీఎఫ్ వేసే దగ్గర మిగిలిన తుంటలు అడిగితే ఇస్తారు, ఈ అంచుకి అవి సరిపోతాయి. వేసేముందు ఆ అంచు షాంపూ నీళ్ళతో కడిగి, తారు మచ్చలుంటే తారు రిమూవర్‌తో తీసి, చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వేలు పెట్టి రుద్దితే కిచకిచమనాలి. ఒక్క ఇసుక రేణువు ఫిల్మ్ కింద ఉన్నా అక్కడ లేచిపోతుంది. ఫిల్మ్ మీద ఫ్లాప్ తాకే గీత వెంబడి సన్నటి రబ్బరు బీడింగ్ పెడితే ఇంకా మంచిది. స్పాంజి టేప్ మాత్రం వద్దు, అది నీళ్ళు పీల్చి పట్టుకుంటుంది, మన దగ్గర ఆ నీళ్ళలో ఉప్పుంటుంది.

ఇంకో సంగతి, నీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఫిల్మ్ వేయించే ముందు ఆ ప్యానెళ్ళకి ఇదివరకు పెయింట్ పడిందేమో చూసుకో. ఇందాకటి అయస్కాంతాన్నే వెనక ప్యానెల్ మీద, డోర్ల మీద నడిపించు. ఒకచోట అంటుకుని ఇంకోచోట పట్టు వదిలేస్తే అక్కడ లప్పం ఉంది. అలా లప్పం పెట్టి సరిగ్గా వేయని పెయింట్ మీద ఫిల్మ్ వేస్తే, రేపు ఫిల్మ్ తీసేటప్పుడు పెయింట్ కూడా దాంతో పాటే లేచొస్తుంది. ఈ మాట ఫిల్మ్ వాళ్ళకి ముందే చెప్పు, దాచొద్దు. కొత్తగా పెయింట్ వేయించిన ప్యానెల్ అయితే కనీసం నెల ఆగి వేయించు, లోపల సాల్వెంట్ ఆరాలి.

ఇప్పుడున్న చుక్కల్ని అలాగే వదిలేసి పైన ఫిల్మ్ వేయకు. డోర్ ఫ్రేమ్ దగ్గర స్టిక్కర్ మీద పెయింట్ కోడ్ ఉంటుంది, ఆ కోడ్ చెప్పి టచప్ పెయింట్ చిన్న సీసా తెప్పించుకో. కోడ్ లేకుండా 'ఎరుపు' అని అడిగితే ఏదో ఎరుపు ఇస్తారు, ఎండలో తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది. ఒక్కో చుక్కని శుభ్రం చేసి, వెనక ప్యానెల్ మీద రేకు తేలినచోట తుప్పు మొదలై ఉంటే గోకి ప్రైమర్ పెట్టి, అగ్గిపుల్ల కొసతో పెయింట్ చుక్క వెయ్యి. బ్రష్ వద్దు, చుట్టూ పూసేస్తుంది. పలచగా వేసి, ఆరాక మళ్ళీ వేస్తే గుంట నిండుతుంది. ఓపిక పని, ఆదివారం పొద్దున నీడలో కూర్చుని చేసుకో.

బిగించే రోజు గురించి. ముందు చక్రాల దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పేస్తే చక్రం విప్పకుండానే స్క్రూలకి చెయ్యి అందుతుంది. వెనక చక్రాలు మాత్రం విప్పితేనే పని చక్కగా అవుతుంది. జాకీ కంపెనీ చెప్పిన పాయింట్ దగ్గరే పెట్టు, మధ్యలో రబ్బరు ముక్క వెయ్యి, సిల్ అంచు మీద పెడితే అది వంగిపోతుంది. ఉత్త జాకీ మీద ఉన్న కారు కిందికి తల పెట్టనే పెట్టొద్దు, స్టాండ్లు వేసుకో. స్క్రూలు నక్షత్రం తల ఉన్నవి, మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది. మొదట అన్నీ చేత్తో వదులుగా ఎక్కించి, ఫ్లాప్ వంపు బాడీ వంపుతో కలిసేలా సర్ది, అప్పుడు ఒక్కోటి కాస్త కాస్త బిగించు. ప్లాస్టిక్ మీద బిగించే స్క్రూ కాబట్టి బలం చూపించకు. చక్రం నట్లు మాత్రం బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్‌తో, కారు పుస్తకంలో ఇచ్చిన లెక్కకే బిగించమను, ఎయిర్ గన్‌తో ఊదేసి వదిలేస్తే ఒప్పుకోకు.

అయిపోయాక స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి, ఎక్కడన్నా టైరు ఫ్లాప్‌కి తాకుతోందేమో చూడు. తర్వాత వెనక ఇద్దరు మనుషుల్ని కూర్చోబెట్టి ఒక గుంతల రోడ్డు మీద మెల్లగా తిప్పి, మళ్ళీ చూడు. టైరు తాకితే ఫ్లాప్ లోపలి వైపు నల్లగా మెరిసే గీత పడి ఉంటుంది, అక్కడ ఒక సెంటీమీటర్ కోసెయ్యి. వారం తిరిగాక స్క్రూలు ఇంకోసారి సరిచూసుకో, కొత్తలో కొంచెం వదులవుతాయి.

స్పీడ్ బ్రేకర్లు నీకు తెలిసిన బాధే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి, అలా ఉంటే మస్టాంగ్ హాయిగా దాటుతుంది. మన ఊళ్ళలో జనం సొంతంగా పోసుకునే గట్లకి ఆ లెక్క లేదు. వాటిని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కేలా దాటు. ఫ్లాప్ మెత్తనిదైతే రాసుకున్నా వంగి లేస్తుంది, గట్టి ప్లాస్టిక్ అయితే విరుగుతుంది, విరిగేటప్పుడు క్లిప్పునీ లైనర్‌నీ లాక్కుపోతుంది. రివర్స్‌లో ఇంకా జాగ్రత్త. గట్టు మీదికి వెనక్కి ఎక్కించేటప్పుడు ఫ్లాప్ టైరుకీ గట్టుకీ మధ్య ఇరుక్కుంటుంది, తిరిగే టైరు దాన్ని కిందికి లాగేస్తుంది. ఫ్లాపులు ఎక్కువగా ఊడేది ముందుకి పోయేటప్పుడు కాదు, ఇలాగే.

మనకి అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు రెండూ దెబ్బతిన్నది నువ్వూ చూసే ఉంటావు. అలాంటి వానల తర్వాత ఎక్కడ చూసినా గుంతలు పూడ్చిన కంకర, రోడ్డు మీదికి కొట్టుకొచ్చిన మట్టి. కాబట్టి ఈ పనంతా వినాయక చవితి నాటికి చేయించుకుంటే సరిపోతుంది. వానాకాలంలో వారానికోసారి మామూలు పంపు నీళ్ళతో ఫ్లాప్ వెనక, లైనర్ లోపల బాగా కడుగు. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే వాటితో కాదు. ప్రెషర్ వాషర్ వాడితే ఫిల్మ్ అంచుకి దూరంగా, ఎదురుగా కాకుండా పక్క నుంచి కొట్టమను, దగ్గరగా పెడితే అంచు లేచిపోతుంది. సంక్రాంతి తర్వాత ఒకసారి నాలుగు ఫ్లాపులూ విప్పి, కింద ఫిల్మ్ చూసి, అరిగి ఉంటే ఆ ముక్క మార్పించు. అరగడానికే కదా అది వేసింది, పెయింట్ బదులు.

అందం గురించి మీ ఫ్రెండ్ అన్నది కొట్టిపారేయను. ఎర్ర బాడీకి ఎర్ర ఫ్లాప్ వేస్తే కళ్ళకి కొడుతుంది. గరుకు నలుపు తీసుకో, కింది నల్ల ప్లాస్టిక్‌తో కలిసిపోతుంది. ముందు చక్రాలకి తప్పనిసరి, నీ ఉబ్బుని కాపాడేవి అవే. వెనక చక్రాలకి పెడితే నీ బంపర్ కింది భాగానికి కొంత లాభం, ఎక్కువ లాభం మాత్రం నీ వెనక వచ్చే బైకు వాడికి, వాన రోజు వాడి మొహాన బురద పడకుండా. అది కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే అని నా అభిప్రాయం, నాలుగూ పెట్టించు.

మీ నాన్నగారు అన్న మాటకి వస్తే, ఆ ఒక్క విషయంలో నేను ఆయన వైపే తమ్ముడూ. చీమకుర్తికి, నెల్లూరుకి, చెన్నైకి ఈ ఏర్పాటుతో నిశ్చింతగా తిరుగు, ఆ కారు కొన్నది నడపడానికే. కానీ తారు రోడ్డు దిగాక గుంటల గట్ల మీద ఉప్పు బురదకి ఏ ఫ్లాపూ ఏ ఫిల్మూ పూర్తిగా ఆగదు, అది పైకి కొట్టదు, అడుగు నుంచి ఎక్కుతుంది, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బోల్టులు, ఎగ్జాస్ట్ అన్నీ దానికి దొరుకుతాయి. మేత బస్తాలు వేసుకుపోయే బండి ఇంట్లో ఉండే ఉంటుంది కదా, గుంటల దగ్గరికి దాంట్లోనే వెళ్ళు. ఎప్పుడన్నా తప్పనిసరై మస్టాంగ్‌లోనే పోవాల్సివస్తే తారు రోడ్డు మీదే ఆపి గట్టు మీద నడిచి పో, తిరిగొచ్చిన రోజే, మర్నాటికి వాయిదా వేయకుండా, అడుగు భాగం మంచినీళ్ళతో కడిగించు.